తెల్ల లిల్లీ అని చీటీ ఉన్న కుండీ

పోయిన వారం ఖమ్మంలో మా వీధి చివర కొత్తగా తెరిచిన మొక్కల దుకాణంలో ఒక కుండీ కొన్నాను. తెల్లటి పింగాణీ కుండీ, అందులో దళసరి ఆకుల మొక్క, మట్టిలో గుచ్చిన ప్లాస్టిక్ చీటీ. చీటీ మీద బొమ్మకూ కుండీలో ఉన్నదానికీ పోలికే లేదు. బిల్లులో ఒక పేరు, చీటీలో ఒక పేరు, ఫోనుతో ఫోటో తీసి అడిగితే అది ఇంకో పేరు చెప్పింది. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయిని అడిగితే తల కూడా ఎత్తకుండా "చీటీ మీద ఏముంటే అదే మేడమ్" అంది. నాకు ఒళ్లు మండింది. అయినా మొక్క బాగుందని తెచ్చుకున్నాను. ఇంట్లో కిటికీ దగ్గర పెడితే అమ్మ వచ్చి చూసింది. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మొక్కను ఏమీ అనలేదు. చీటీని మాత్రం మట్టిలోంచి పీకి, చెత్తబుట్టలో పడేసి, చేతులు కడుక్కుని వెళ్లి టీవీ ముందు కూర్చుంది. ఎందుకో నాకు తెలుసు. ఆ సాయంత్రమంతా నాకు భద్రాచలంలోని మా కిరాయి ఇల్లు, ఆ వరండా, ఆ వరండాలో కూర్చుని ఆకులు కుట్టే మా నానమ్మ గుర్తుకొచ్చి ఏ పనీ సాగలేదు.

అప్పటికి రాష్ట్రం ఒకటే. సెల్‌ఫోను మా ఇంట్లో నాన్న ఒక్కడికే ఉండేది, అదీ డాబా ఎక్కితేనే పలికేది. నాన్న భద్రాచలంలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆయన ఊరు దుమ్ముగూడెం దాటి లోపలికి, అడవి అంచున. హాస్టల్లో ఉండి చదువుకుని, ఖమ్మంలో డిగ్రీ చేస్తూ అమ్మను ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. అమ్మ పేరు సుజాత. ఖమ్మం క్రైస్తవ కుటుంబం, అమ్మ వాళ్ల నాన్న చర్చి కమిటీలో పెద్దమనిషి. అల్లుడు బాప్తిస్మం తీసుకున్న రోజున మీ గడప తొక్కుతాను, అప్పటిదాకా నువ్వెవరో నేనెవరో అని ఆయన పెళ్లినాడే అమ్మతో తెగేసి చెప్పాడట. నాన్నేమో అడిగినప్పుడల్లా "తీసుకుంటా సుజాతా, తొందరేముంది" అనేవాడు. నేను పుట్టాను, బడికి వెళ్లాను, పై తరగతులకు వచ్చాను. తాతయ్య మాత్రం మా గడప తొక్కలేదు. ఖమ్మం వెళ్లినా అమ్మ నన్ను బంధువుల ఇంట్లో ఉంచి, తాను పుట్టింటి వీధి మొదట్లో నిలబడి వాళ్ల అమ్మను పలకరించి వచ్చేసేది. ఆ తిరుగు బస్సులో అమ్మ ముఖం చూడాలంటే నాకు భయమేసేది.

నానమ్మ మాతోనే ఉండేది. ఆమె దేవుళ్లు ఆమెవి, అమ్మ దేవుడు అమ్మకు. కొత్త పంట దేవుళ్లకు పెట్టే కొత్తల పండుగ చెయ్యందే చిక్కుడుకాయ ముట్టేది కాదు. అమ్మ వండితే తన పళ్లెంలోంచి తీసి నా పళ్లెంలో వేసేది. పొద్దున్నే స్నానం చేసి వరండాలో చాప పరుచుకుని అడ్డాకులతో విస్తళ్లు కుట్టేది. పచ్చి అడ్డాకు వాసన, ఆమె కొంగుకు ఎప్పుడూ ఉండే ఇప్పపువ్వు వాసన, వంటింట్లోంచి అమ్మ పోపు వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు ఇల్లు. నన్ను బడిలో రూతు అనేవాళ్లు, నానమ్మ ఏనాడూ ఆ పేరు పలకలేదు. "చిన్నీ" అనేది. రోజూ ఆమె మంచం మీదే పడుకునేదాన్ని. ఆమె ఊరి నుంచి చుట్టాలు వస్తే వాళ్ల భాషలో మాట్లాడుకునేవాళ్లు. నాకు అర్థం కాక మూతి ముడుచుకుంటే, "నీ సంగతి కాదులేవే, ఆవుల సంగతి" అని నవ్వేది. నాకు ఈ లోకంలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆమే, అమ్మ వింటే ఏమనుకుంటుందో అన్న జంకు కూడా లేకుండా చెప్పేదాన్ని.

అమ్మకు మొక్కల పిచ్చి. కిరాయి ఇంట్లో నేల మీద పాతడానికి ఓనరు ఒప్పుకోడు, అందుకని అన్నీ కుండీల్లోనే. ఖమ్మం వెళ్లినప్పుడల్లా బస్టాండు దగ్గరి దుకాణంలో ఒకటో రెండో కొని ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చేది. ఆ దుకాణం చీటీలు ఎవడు గుచ్చేవాడో గానీ వాడికి దండం పెట్టాలి. ఫెర్న్ అని చీటీ ఉన్నదానికి ముళ్లు వచ్చాయి. గులాబీ బొమ్మ ఉన్న కుండీలో క్రోటన్ పెరిగింది. నీడలో ఉంచమన్నది నీడలో వాడిపోయింది, ఎండలో పెట్టమన్నది ఎండకు మాడిపోయింది. అమ్మ ప్రైవేటు బడిలో టీచరు కదా, అచ్చులో ఉన్నదంటే ఆమెకు గురి. చీటీ చదివి అదే ప్రకారం చేసేది, మొక్క చస్తే తన చేతి గుణమే మంచిది కాదని బాధపడేది. నానమ్మకు అవన్నీ షో చెట్లు. "కూరకు రావు, మందుకు రావు, వీటికి ఇంత సేవ ఎందుకే తల్లీ" అని ఎగతాళి చేసేది. అమ్మ నవ్వి ఊరుకునేది. అత్తాకోడళ్లు దేవుళ్ల విషయంలో తప్ప ఎక్కడా మాట జారేవాళ్లు కాదు, అది మాత్రం నిజం.

ఒక చలికాలం నాన్న తనంతట తానే ఈస్టరుకు బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. ఏం జరిగి అలా అన్నాడో నాకు తెలీదు. సంతోషంతో అమ్మ కాళ్లు వారం రోజులు నేల మీద నిలవలేదు. డాబా ఎక్కి ఖమ్మానికి ఫోను చేసింది. తాతయ్య, అమ్మమ్మ ఈస్టరు పొద్దున నేరుగా మా చర్చికి వచ్చి, ఆరాధన అయ్యాక మా ఇంట్లో భోంచేస్తామన్నారు. ఫోను పెట్టేసి అమ్మ డాబా మీదే కూర్చుని ఏడ్చింది. మా చర్చిలో ఒక ఆచారం ఉండేది. ఈస్టరునాడు బాప్తిస్మం తీసుకునేవాళ్ల ఇంటి నుంచి తెల్లపూలు పూసిన కుండీ ఒకటి తెచ్చి పాస్టరు గారి ముందుండే ప్రభువు బల్ల పక్కన పెడతారు. తర్వాత ఆ మొక్కను చర్చి ఆవరణలో పాతుతారు. అమ్మ వెంటనే ఖమ్మం వెళ్లి, వెతికి వెతికి తెల్ల లిల్లీ అని చీటీ ఉన్న కుండీ తెచ్చింది. మొక్క లేదు. మట్టి, మట్టిలో ఒక గడ్డ, గడ్డ మీద చిన్న ముక్కు. దుకాణం వాడు ఎండలు ముదిరాక పూస్తుందని చెప్పాడట. చీటీ మీద తెల్లటి లిల్లీల బొమ్మ, కింద ఇంగ్లీషులో రోజూ నీళ్లు పొయ్యమని ఉంది. పొద్దున్నే గ్లాసుడు నీళ్లు పొయ్యాల్సిన పని అమ్మ నాకు అప్పజెప్పింది.

కొన్నాళ్లకు, అమ్మ బడికి వెళ్లినప్పుడు, పక్కింటి కోడి వచ్చి కుండీని కెలికి మట్టంతా చిమ్మింది. గడ్డ బయటపడింది. నేను గబగబా దాన్ని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టి మట్టి కప్పాను. కాసేపటికి అరచేతులు మంటెత్తి దురద. నేను ఏడుస్తూ వెళితే నానమ్మ ఏం ముట్టుకున్నావని అడగలేదు. లేచి కుండీ దగ్గరికి వెళ్లి, మట్టి తోడి, గడ్డను చూసి, మళ్లీ కప్పేసింది. వంటింట్లోంచి చింతపండు తెచ్చి నా చేతులకు రుద్దింది. దురద తగ్గిపోయింది. తర్వాత నన్ను దగ్గరకు తీసుకుని, "దీనికి నీళ్లు పొయ్యకే చిన్నీ" అంది.

"అమ్మ పొయ్యమంది కదా."

"పోస్తే కుళ్లిపోతది. ఆ చీటీ రాసినోనికి ఏం ఎరుక? ఎండలు ముదిరేదాక దాన్ని ఎండనియ్యి. ఆ గ్లాసు నీళ్లు మల్లెచెట్టుకు పొయ్యి. అమ్మకు చెప్పకు, బాధపడతది."

నేను అలాగే చేశాను. పెద్దవాళ్ల రహస్యం ఒకటి నా చేతిలో ఉందని గర్వం కూడా. కుండీని తెచ్చి ఆమె మంచం కింద, నీడలో పెట్టించింది. ఎండలు ముదిరాక ఒకరోజు "ఇప్పుడు పొయ్యి" అంది. పోశాను. ఆ వారంలోనే ముక్కు లేచింది. వేలంత ఉన్నది పిడికిలంత అయింది. ఊదారంగు, దాని మీద మచ్చలు. అమ్మ సంతోషం చెప్పతరం కాదు, అన్ని మొక్కలు చంపిన చెయ్యి ఒకదాన్ని బతికించిందని. రోజూ చీటీలోని బొమ్మను మొగ్గ పక్కన పెట్టి చూసేది. రంగు తేడాగా ఉందేమిటని ఆమెకూ అనుమానం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, నాన్న కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే, అమ్మ కుండీ తెచ్చి నానమ్మ ముందు పెట్టింది. మొక్కల సంగతి అమ్మ నానమ్మను అడగడం నేను అదే మొదలు చూడటం.

"అత్తమ్మా, ఇది లిల్లీయేనా? మొగ్గ ఇట్లుంది ఏంది? మీకు అన్ని చెట్లు తెలుసు కదా, చూసి చెప్పండి. ఈస్టరుకు బల్ల దగ్గర పెట్టాలి, మా నాన్న వాళ్లు వస్తారు."

నానమ్మ కుట్టడం ఆపింది. కుండీని చూసింది, తలెత్తి ఒకసారి నాన్న వైపు చూసింది, మళ్లీ ఆకుకు పుల్ల గుచ్చుతూ విస్తరాకు మీదికి వంగింది. "దుకాణం చెట్లు నాకేం ఎరుక బిడ్డా" అంది. "చీటీ మీద తెల్లగనే ఉంది కదా. తెల్లగనే పూస్తదేమో."

శనివారం సాయంత్రం నాన్న స్కూటరు తీశాడు, వెనక అమ్మ కుండీని బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. మొగ్గ బాగా ఉబ్బి ఉంది, పొద్దునకల్లా విచ్చుకుంటుందని అందరూ అనుకున్నారు. బల్ల పక్కన పెట్టి, చర్చికి తాళం వేసి వచ్చారు. తెల్లవారి మేం వెళ్లేసరికి గుమ్మంలోనే జనం ముక్కులు మూసుకుని నిలబడి ఉన్నారు. ఎలుక చచ్చిందని బెంచీలు జరిపి వెతుకుతున్నారు. తాతయ్య, అమ్మమ్మ అప్పటికే ముందు వరుసలో కూర్చుని ఉన్నారు, అమ్మమ్మ ముక్కుకు కొంగు అడ్డం. పాస్టరు గారి భార్య వాసన పట్టుకుంటూ వెళ్లి మా కుండీ దగ్గర ఆగింది. పువ్వు విచ్చుకుని ఉంది. జానెడు వెడల్పు, ఎండిన నెత్తురు రంగు, మధ్యలో నల్లటి ముద్ద, చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. అడవి ఊళ్ల నుంచి ఆరాధనకు వచ్చే ముసలామె ఒకామె వెనక నుంచి, "అయ్యో, అది అడవి కంద పువ్వు కదా! గిది ఎవరు తెచ్చిన్రమ్మా దేవుని దగ్గరికి?" అని గట్టిగా అంది. పిల్లలు పగలబడి నవ్వారు. పెద్దవాళ్లు కూడా నవ్వారు, నేను చూశాను.

అమ్మ తన చీర కుచ్చిళ్ల వైపు చూస్తూ నిలబడిపోయింది. ఎవరో కుండీని బయటికి మోసుకెళ్లారు. పాస్టరు గారు మంచివాడు, ఇదేమంత పెద్ద సంగతి కాదని, మొదలుపెడదాం రమ్మని నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. తెల్లచొక్కాలో ఉన్న నాన్న, "ఇయ్యాల వద్దులెండి పాస్టరు గారూ. మనసు బాగలేదు. ఇంకోసారి చూద్దాం" అని బయటికి నడిచాడు. తాతయ్య లేచాడు. అమ్మ దగ్గర ఆగి, "నన్ను ఇంత దూరం దీనికోసమేనా పిలిచింది?" అన్నాడు. అమ్మమ్మ అమ్మ చెయ్యి పట్టుకోబోయి, ఆయన పిలిస్తే వదిలేసింది. వాళ్లు మా ఇంటికి రాలేదు. వండిన బిర్యానీ, పాయసం అన్నీ అలాగే ఉన్నాయి. ఆ తర్వాత తాతయ్య ఇంకెప్పుడూ రాలేదు, రాకుండానే పోయాడు. నాన్న బాప్తిస్మం మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ నేరుగా వరండాలోకి వెళ్లి నానమ్మను అడిగింది, "అది కంద అని మీకు తెలుసా అత్తమ్మా?" అని. నాకు అప్పుడు తట్టింది, ఆ చింతపండు. ఏం ముట్టుకున్నావని అడగకుండానే కంద దురదకు రుద్దే చింతపండు తెచ్చింది. నేనే అనేశాను. "తెలుసమ్మా. నా చేతులకు చింతపండు రుద్దింది. నీళ్లు పొయ్యొద్దన్నది కూడా ఆమే." అమ్మ నానమ్మనే చూస్తోంది. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నానమ్మ విస్తరాకు పక్కన పెట్టి, "అవ్, నాకెరుకే" అంది. అంతే. ఎందుకు చెప్పలేదంటే మళ్లీ విస్తరాకు చేతిలోకి తీసుకుంది. అమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ మర్నాడే నానమ్మ బట్టల మూట కట్టుకుని ఊరికి బయల్దేరింది. వెళ్తూ "చిన్నీ" అని పిలిచింది. నేను పలకలేదు. మంచం మీద అటు తిరిగి పడుకున్నాను.

నాకు నానమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. దేవుళ్ల మీద పంతంతో అమ్మను పదిమందిలో నవ్వులపాలు చేసిందని కోపం. అంతకంటే ఎక్కువ, ఆ పని నా చేతులతో చేయించిందని. కుళ్లిపోవాల్సిన గడ్డను నీడలో దాచి, ఎండనిచ్చి, సమయానికి నీళ్లు పోసి పూయించింది నేను. ఎవరి పక్కన పడుకుంటే నాకు భయం తెలిసేది కాదో ఆమే నన్ను ఇలా వాడుకుందంటే, ఇంక ఎవరిని నమ్మాలి? ఆమె అడవి కాకరకాయలు, చింతచిగురు పంపేది. నేను ముట్టేదాన్ని కాదు. అమ్మ వాటిని పక్కింటివాళ్లకు ఇచ్చేసేది. ఇంట్లో మొక్కలన్నీ ఒక్కొక్కటే ఎండిపోయాయి, అమ్మ ఒక్కదానికీ నీళ్లు పొయ్యలేదు. నాన్న మాత్రం నెలకోసారి బియ్యం పట్టుకుని ఊరికి వెళ్లొచ్చేవాడు. నేను నానమ్మను తిట్టినప్పుడల్లా, "పోనీలే చిన్నీ, ముసలిది. తెలియక చేసిందనుకో" అనేవాడు. మా నాన్నది ఎంత పెద్ద మనసో అనుకునేదాన్ని.

నేను ఖమ్మంలో డిగ్రీ చదువుతుండగా, ఒక ఎండాకాలం నానమ్మ పోయింది. అమ్మ కూడా మాతో ఆ ఊరికి వచ్చింది. రానంటుందేమో అనుకున్నాను, కానీ చీర మార్చుకుని మాకంటే ముందే తయారైంది. మధ్యాహ్నానికల్లా మట్టి చేశారు. ఆడవాళ్లు వాళ్ల భాషలో ఏడుస్తుంటే నేను పొడి కళ్లతో నిలబడ్డాను. రోడ్డు మీద మా కోసం ఆటో ఆగి ఉంది. అక్కడిదాకా అడవిలోంచి కాలిబాట. నాన్న ముందు, ఆయన వెనక నేను, కొంచెం దూరంలో అమ్మ. ఎండుటాకుల మధ్య నుంచి నేలలో ఏదో ముక్కు పొడుచుకొచ్చి ఉంది, నా బొటనవేలంత కూడా లేదు. నాకు ఆకో రాయో తెలియలేదు. నాన్న నడుస్తూ నడుస్తూనే చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు, చూసి అడుగెయ్యి. కంద మొగ్గ అది" అన్నాడు.

నేను ఆగాను. "ఇంత ఉన్నప్పుడే గుర్తుపడతావా నాన్నా?" అన్నాను.

"పుట్టినకాంచి చూస్తున్న. ముక్కు బయట పెట్టంగనే ఎరుకైతది," అని ఇంకో అడుగు వేసి, ఆ అడుగు దగ్గరే నిలిచిపోయాడు. వెనక్కి తిరగలేదు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"ఆ కుండీని స్కూటరు మీద నువ్వే తీసుకెళ్లావు కదా," అన్నాను.

ముందుకే చూస్తూ అన్నాడు. "గడ్డ చూసిన రోజే మీ నానమ్మ నన్ను అడిగింది, కోడలికి చెప్పాల్నా అని. నేనే వద్దన్న. నాకు బాప్తిస్మం ఇష్టం లేకపాయె చిన్నీ. మీ అమ్మ మొహం చూసి ఊ అన్న, మళ్లీ కాదనే ధైర్యం రాలే. ఆ వాసనకు ఆ పూట ఆగిపోతది, తర్వాత చూద్దాం అనుకున్న. గింతదాక వస్తదనుకోలే."

"మరి నానమ్మ?" అన్నాను. "నేనే అని ఆమె ఎందుకు ఒప్పుకుంది? నువ్వు గుమ్మంలోనే ఉన్నావు కదా. విన్నావు కదా. ఆమె వెళ్లిపోతుంటే చూస్తూ ఊరుకున్నావా? నేను తిడుతుంటే పోనీలే అని మాకు చెబుతావా నువ్వు?" ఇంకా ఏవేవో అన్నాను. మోసగాడివన్నాను. కన్నతండ్రిని అలా అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. నేను కోపం పెంచుకున్న మనిషి మట్టిలో ఉంది. ఆమె పిలిచిన ఆఖరి పిలుపుకు నేను పలకలేదు. నాన్న నా దగ్గర్నుంచి ఎంత లాక్కున్నాడో ఆయనకు తెలుసో లేదో.

అమ్మ మా వెనకే వచ్చి నిలబడిందని నేను గమనించలేదు. అంతా విన్నది. చర్చిలో నిలబడినట్టే కుచ్చిళ్ల వైపు చూస్తూ నిలబడుతుందనుకున్నాను. కాదు, తల ఎత్తి నాన్న ముఖంలోకే చూసింది.

"నాకొద్దు సుజాతా అని ఒక్క మాట అంటే సరిపోయేది కదండీ," అంది. "నేను వద్దనుకునేదాన్ని. మా నాన్నకు కూడా నేనే చెప్పుకునేదాన్ని."

అమ్మ ఆయన పక్క నుంచి, మొగ్గను తొక్కకుండా దాటి ముందుకు నడిచింది. నేను అమ్మ వెంట వెళ్లాను. రోడ్డు మీదికి వచ్చి ఆటోలో కూర్చున్నాం. డ్రైవరు బండి స్టార్ట్ చేసి, అడవి వైపు చూసి, "ఇంకెవరన్నా రావాల్నా అమ్మా?" అని అడిగాడు. నేను అమ్మ వైపు చూశాను, అమ్మ నా వైపు చూసింది.

"లేదు, పోనియ్," అంది అమ్మ.